వ్యోమగామికి వేడి వేడిగా: అల్లం టీ, కాఫీ, రాగి జావలను పౌచ్‌లో సిద్ధం చేసే పద్ధతి

శ్రీహరికోట రాకెట్ కేంద్రం 2022 ఏప్రిల్ నుంచి తిరుపతి జిల్లా పరిధిలోకి వచ్చింది. గగన్‌యాన్‌లో మన వ్యోమగాములు బయలుదేరేది అక్కడి నుంచే. వాళ్ల ఆహారం సంగతి మైసూరులోని రక్షణ ఆహార పరిశోధన ప్రయోగశాల చూసుకుంటోంది. అయినా పొద్దున్నే ఒక గ్లాసు వేడిగా గొంతు దిగితే తప్ప పనిలో పడని ప్రాంతం మనది. పైకి వెళ్లేవాళ్లకు మంచి వేడి పానీయం ఎలా అందుతుందో మన వంటింట్లోనే చేసి చూడవచ్చు.

ఈ మార్గదర్శి ఇంటర్, డిగ్రీ విద్యార్థుల కోసం, సైన్స్ ఉపాధ్యాయుల కోసం, వంట మీద శ్రద్ధ ఉన్న అందరి కోసం. ఇక్కడ తయారయ్యే పౌచ్‌లు రాకెట్ ఎక్కవు. కానీ రోదసిలో ఎదురయ్యే షరతులన్నీ మనమూ పెట్టుకుని వాటిని తయారుచేస్తాం. మొదటి నుంచి చివరి వరకు గుర్తుంచుకోవలసిన సంగతి ఒక్కటే: పైన వంట ఉండదు. మరగబెట్టడం, వడకట్టడం, గ్లాసులో నుంచి గ్లాసులోకి తిరగబోయడం ఏవీ కుదరవు. కాబట్టి రుచికి సంబంధించిన పనంతా నేల మీదే పూర్తయి, పొడి రూపంలోకి రావాలి.

ముందు షరతులు తెలుసుకోండి

అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో గాలి పీడనం సముద్రమట్టం దగ్గర ఉన్నంతే ఉంటుంది. లెక్క ప్రకారం అక్కడ నీళ్లు 100 డిగ్రీల సెల్సియస్ దగ్గర మరగాలి. తిరుమల కొండ మీద, దాదాపు 850 మీటర్ల ఎత్తులో, నీళ్లు 97 డిగ్రీలకే మరుగుతాయి. ఆ లెక్కన అంతరిక్ష కేంద్రంలో టీ తిరుమలలోకంటే బాగా మరగాలి కదా అనిపిస్తుంది. కానీ అక్కడి నీళ్ల యంత్రం వేడి నీళ్లను 80 డిగ్రీల లోపే ఇస్తుంది. మరిగే నీళ్లు వ్యోమగామి చేతికి అందవు.

దీనికి బలమైన కారణాలున్నాయి. పొయ్యి మీద గిన్నె పెడితే అడుగున వేడెక్కిన నీళ్లు తేలికై పైకి లేస్తాయి, పైనున్న చల్లని నీళ్లు కిందికి దిగుతాయి. భారం తెలియని చోట తేలికా బరువూ లేవు, పైనా కిందా లేవు. వేడి తగిలిన చోటే నీళ్లు కాగుతాయి, పక్కనున్నవి చల్లగానే ఉండిపోతాయి. మరగడం మొదలైతే బుడగలు పైకి తేలి పగలవు. ఒకదానితో ఒకటి కలిసి పెద్ద ఆవిరి బుడగగా మారి, వేడి తగిలే చోటనే కూర్చుంటాయి. అలాంటి నీళ్లు గిన్నె దాటి బయటికి వస్తే మనుషులకూ ప్రమాదమే, యంత్రాలకూ ప్రమాదమే.

వెనక్కి చూస్తే ఇదే పెద్ద ముందడుగు. అమెరికా పంపిన జెమిని నౌకల్లో చల్లని నీళ్లే దిక్కు. వేడి నీళ్లు తొలిసారి అందింది అపోలో వ్యోమగాములకు.

రెండో షరతు ముక్కు. శరీరంలోని ద్రవాలు కాళ్ల వైపు దిగకుండా తల వైపు చేరడంతో మొహం ఉబ్బుతుంది, జలుబు చేసినట్టు ముక్కు దిబ్బడ వేస్తుంది. మూడో షరతు పౌచ్. పానీయం మూసిన సంచిలో ఉంటుంది, స్ట్రాతో పీల్చుకోవాలి. ఇలా వాసనకు రెండు దారులూ మూసుకుపోతాయి. ఇంట్లో అద్భుతంగా ఉన్న టీ పైన చప్పగా అనిపించడానికి ఇదే మూలం. చాలామంది వ్యోమగాములు కారం, ఘాటు ఉన్న పదార్థాలను కోరుకోవడానికి కారణం కూడా ఇదే.

కావలసినవి

వేడికి తట్టుకునే, మూతి ఉన్న ఆహార పౌచ్‌లు ప్యాకింగ్ సామగ్రి దుకాణాల్లో దొరుకుతాయి. 250 మి.లీ. పట్టేవి తీసుకోండి. వంటింటి థర్మామీటరు, గ్రాముల్లో తూచే చిన్న కాటా, పెద్ద సిరంజి లేదా సన్నని గరాటు, పలుచని నూలు బట్ట, సన్న జల్లెడ, జ్యూస్ ప్యాకెట్లకు వచ్చే సన్నని స్ట్రాలు, స్ట్రాను నొక్కి మూయడానికి చిన్న క్లిప్పులు కావాలి. పాలపొడి వెన్న తీయనిదై ఉండాలి. వెన్న తీసిన పొడితో చేసిన కాఫీకి చిక్కదనం రాదు.

థర్మామీటరు లేకపోతే ఒక లెక్క ఉంది. రెండు గ్లాసుల మరుగుతున్న నీళ్లలో ఒక గ్లాసు మామూలు నీళ్లు కలిపితే 75 డిగ్రీలకు అటూ ఇటూగా వస్తుంది. మన ప్రయోగాలన్నిటికీ అదే వేడి. ఈ నియమాన్ని మాత్రం సడలించవద్దు. పౌచ్‌లో మరుగుతున్న నీళ్లు పోస్తే ఏ పొడి అయినా బాగానే కలుస్తుంది, దాంతో మీకు తెలిసేదేమీ ఉండదు.

అల్లం టీ

అన్నిటికంటే ఎక్కువ జాగ్రత్త కోరేది ఇదే, కాబట్టి దీనితోనే మొదలుపెడదాం.

ఇంట్లో టీ పెట్టేటప్పుడు అల్లం దంచి నీళ్లలో వేసి మరగనిచ్చి, ఆ తర్వాత పాలు పోస్తాం. ఆ వరుసలో ఒక రసాయన రహస్యం ఉంది. పచ్చి అల్లంలో మాంసకృత్తులను విడగొట్టే ఎంజైము ఉంటుంది. మరిగించినప్పుడు అది నశిస్తుంది. మరిగించకపోతే ఏమవుతుందో కళ్లారా చూడండి. ఒక గిన్నెలో రెండు చెంచాల తాజా అల్లం రసం తీసుకుని, 70 డిగ్రీల వేడి పాలు అరగ్లాసు దాని మీద ఒక్కసారిగా పోసి, కదపకుండా పది నిమిషాలు వదిలేయండి. పాలు జున్నులా గడ్డకడతాయి. ఇప్పుడు అంతరిక్ష కేంద్రం నీళ్ల వేడి ఎంతో గుర్తు తెచ్చుకోండి. సరిగ్గా ఈ ఎంజైముకు నచ్చే వేడికి దగ్గర్లోనే ఉంది. పచ్చి అల్లం రసాన్ని మరిగించకుండా ఎండబెట్టి, పాలపొడితో కలిపి పంపితే స్ట్రాలో గడ్డలు అడ్డుపడే ప్రమాదం ఉంది. అందుకే అల్లం నేల మీదే మరగాలి.

పద్ధతి ఇది. అర లీటరు నీళ్లలో 40 గ్రాముల అల్లం కచ్చాపచ్చాగా దంచి వేయండి. ఎనిమిది ఏలకులు, పది మిరియాలు నలగ్గొట్టి అందులోనే వేసి పది నిమిషాలు మరిగించండి. తర్వాత 30 గ్రాముల టీ పొడి వేసి అయిదు నిమిషాలు ఉంచి దించండి. తడిపి పిండిన నూలు బట్టలో వడకట్టి, మూట గట్టిగా పిండండి. వచ్చిన డికాక్షన్‌ను మళ్లీ పొయ్యి మీద పెట్టి 250 మి.లీ.కి ఇగరనివ్వండి.

ఇప్పుడు దీన్ని పొడి చేయాలి. కర్మాగారంలో అయితే ఆరబెట్టే యంత్రాలుంటాయి, ఇంట్లో ఆ పని చక్కెర చేస్తుంది. 250 గ్రాముల చక్కెర డికాక్షన్‌లో వేసి, అడుగు మందంగా ఉన్న గిన్నెలో సన్నని సెగ మీద కలుపుతూ ఉండండి. మొదట పలుచగా, తర్వాత నురగగా, ఆ తర్వాత తీగపాకంలా అవుతుంది. గరిటెకు బరువు తగిలి, గిన్నె అంచుల్లో తెల్లని పొర కట్టడం కనిపించగానే మంట ఆపి, చేయి ఆపకుండా వేగంగా కలపండి. రెండు మూడు నిమిషాల్లో పాకం కాస్తా ఇసుకగా విరిగిపోతుంది. చల్లారాక మిక్సీలో వేసి సన్న జల్లెడ పట్టండి. లేత గోధుమరంగులో, నాలుక మీద పెడితే చురుక్కుమనే పొడి వస్తుంది.

ఇక్కడ బెల్లం వాడాలని చిత్తూరువాళ్లకు మనసు లాగుతుంది. అంత పేరున్న బెల్లం మార్కెట్ పక్కనే ఉంటే లాగకుండా ఎలా ఉంటుంది? కానీ బెల్లం పాకం ఇలా పొడిగా విరగదు, జిగురుగా మిగిలిపోతుంది. పైగా బెల్లంలో పులుపు గుణం ఉంటే వేడి పాలు విరుగుతాయి. బెల్లానికి చోటు జావలో ఉంది, అక్కడ చూద్దాం.

ఒక పౌచ్‌కు 15 గ్రాముల టీ పొడిమిశ్రమం, 10 గ్రాముల పాలపొడి, 150 మి.లీ. నీళ్లు. రెండు పొడులనూ ముందే బాగా కలిపి ఉంచండి. పాలపొడి ఒక్కటే ఉంటే వేడి నీళ్లు తగిలీ తగలగానే పైపొర తడిసి ముద్ద కడుతుంది, లోపల పొడి పొడిగానే ఉండిపోతుంది. మధ్యలో చక్కెర రేణువులు ఉంటే నీళ్లు లోపలికి పోయే దారి దొరుకుతుంది.

కాఫీ

ఫిల్టర్ కాఫీ పూర్తిగా భూమి మీద ఆధారపడిన పానీయం. పై గిన్నెలోని నీళ్లు పొడిలో నుంచి చుక్కచుక్కగా కింది గిన్నెలోకి దిగాలి. భారరహిత స్థితిలో ఒక్క చుక్క కూడా దిగదు. నీళ్లను పంపుతో నెట్టితేనే డికాక్షన్ వస్తుంది. ఇటలీ వాళ్లు ఆ పనే చేశారు. లవాట్సా, ఆర్గోటెక్ సంస్థలు ఇటలీ అంతరిక్ష సంస్థతో కలిసి ఐఎస్ఎస్‌ప్రెస్సో అనే యంత్రం తయారుచేశాయి. బరువు సుమారు 20 కిలోలు. 2015 మే 3న ఇటలీ వ్యోమగామి సమంతా క్రిస్టోఫొరెట్టి అందులో చేసిన ఎస్ప్రెస్సో తాగారు, రోదసిలో అప్పటికప్పుడు తీసిన మొదటి ఎస్ప్రెస్సో అది. అద్భుతమైన పనితనమే. కానీ గగన్‌యాన్‌లాంటి మూడు రోజుల ప్రయాణానికి ఇరవై కిలోల యంత్రాన్ని మోయడం కంటే మంచి డికాక్షన్‌ను పొడిగా పంపడమే తెలివైన దారి అని నేను నమ్ముతాను.

ఆ పొడి చేసే కళ మన తిరుపతి జిల్లాలోనే ఉంది. వరదయ్యపాళెం మండలం కువ్వకొల్లిలో సీసీఎల్ ప్రొడక్ట్స్ సంస్థ ఫ్రీజ్ డ్రై కాఫీ కర్మాగారం నడుస్తోంది. ఈ పద్ధతిలో చిక్కని డికాక్షన్‌ను గడ్డకట్టించి, ముక్కలు చేసి, గాలి తీసేసిన గదిలో ఉంచుతారు. పీడనం 611 పాస్కల్స్ కంటే తగ్గితే మంచు కరగకుండా నేరుగా ఆవిరైపోతుంది. కాఫీకి వేడి తగలదు కాబట్టి పరిమళం చాలావరకు నిలుస్తుంది. వేడి గాలిలో తుంపరలుగా చల్లి ఆరబెట్టే మరో పద్ధతి చవక, కానీ వాసన ఎక్కువగా పోతుంది. దుకాణంలో కొనేటప్పుడు తేడా కంటికే తెలుస్తుంది: మెత్తని పిండిలా ఉన్నది రెండో రకం, పలుకులుగా విరిగినట్టు ఉన్నది ఫ్రీజ్ డ్రై. మనకు ఫ్రీజ్ డ్రై కావాలి. ధర ఎక్కువైనా అదే తీసుకోండి.

చికోరీ కలిసిన ఇన్‌స్టంట్ పొడి కూడా కొంత కలపండి. ముక్కు పనిచేయని చోట పరిమళం కంటే చిక్కదనం, చేదు ఎక్కువ ఉపయోగపడతాయి. ఒక పౌచ్‌కు 2 గ్రాముల ఫ్రీజ్ డ్రై కాఫీ, 1 గ్రాము చికోరీ కలిసిన పొడి, 18 గ్రాముల పాలపొడి, 10 గ్రాముల చక్కెర, 150 మి.లీ. నీళ్లు. నురగ కోసం ఆశపడవద్దు. గ్లాసు నుంచి డవరాలోకి ఎత్తిపోసే అందం అక్కడ సాధ్యం కాదు. పైగా నురగలోని బుడగలు పైకి తేలకుండా కాఫీ నిండా పరుచుకుంటాయి, వాటితో పాటు గాలీ కడుపులోకి పోతుంది. భూమి మీద ఆ గాలి త్రేన్పుగా వచ్చేస్తుంది. పైన గాలి, ద్రవం విడివడవు కాబట్టి ఆ త్రేన్పు ఎంత ఇబ్బందో ఊహించవచ్చు.

రాగి జావ

నా దృష్టిలో రోదసికి అన్నిటికంటే తగిన మన పానీయం ఇదే. టీ, కాఫీలు నిద్ర చెడగొడతాయి. రోజుకు పదహారు సూర్యోదయాలు కనిపించే చోట నిద్ర అసలే కష్టం. పడుకునే ముందు తాగడానికి జావ ఎంతో హాయి.

ఇంకో మేలు కూడా ఉంది. ఇక్కడ జావ గ్లాసులో పెట్టి అయిదు నిమిషాలు ఊరుకుంటే పిండి అడుగుకు చేరుతుంది. అక్కడ అడుగే లేదు కాబట్టి చివరి గుక్క వరకు ఒకే చిక్కదనం ఉంటుంది.

చిక్కు ఏమిటంటే 75 డిగ్రీల నీళ్లలో పచ్చి రాగిపిండి సరిగా ఉడకదు, స్ట్రాలో పిండి పిండిగా తగులుతుంది. అందుకే ముందే వండి ఎండబెట్టాలి. రాగులను ఒక రాత్రి నానబెట్టి, బట్టలో మూటకట్టి, ఒకటిన్నర రోజు మొలకెత్తనివ్వండి. నీడలో, తర్వాత ఎండలో ఆరబెట్టి, చేతులతో నలిపి మొలకలు రాల్చి, మెత్తగా పిండి పట్టించండి. ఈ దశలో వేయించవద్దు. మొలకల్లో పుట్టిన ఎంజైము గంజిని పలుచన చేస్తుంది, గట్టిగా వేయిస్తే అది చచ్చిపోతుంది.

100 గ్రాముల పిండిని ఒక లీటరు చల్లని నీళ్లలో ఉండలు లేకుండా కలిపి నెమ్మదిగా వేడిచేయండి. 65 డిగ్రీలకు రాగానే మంట బాగా తగ్గించి, పావుగంట ఆ వేడి మీదే ఉంచండి. ముందు చిక్కబడబోతున్నట్టు కనిపించిన జావ గరిటె కింద మెల్లగా పలుచనవుతుంది. చూసి తీరాల్సిన మార్పు అది. తర్వాత మంట పెంచి పది నిమిషాలు ఉడికించండి. కొద్దిగా ఉప్పు, వేయించిన జీలకర్ర పొడి వేయండి. ఉప్పు మరీ తక్కువగానే ఉండాలి, ఎముకల ఆరోగ్యం దృష్ట్యా వ్యోమగాముల ఆహారంలో సోడియం తగ్గిస్తారు.

జావను నూనె రాయని స్టీలు పళ్లేల్లో కాగితమంత పలుచగా పోసి, పైన పలుచని బట్ట కప్పి, ఏప్రిల్, మే ఎండలో ఉదయం ఎనిమిదికల్లా పెట్టండి. సాయంత్రానికి పెళుసుగా లేచి రావాలి. ఇంకా తడి ఉంటే రాత్రంతా బయట వదలకుండా ఓవెన్‌లో 60 డిగ్రీల దగ్గర ఆరబెట్టండి. పుల్లని వాసన వస్తే నిర్మొహమాటంగా పారేయండి. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు మనకు వానలు, తేమ ఎక్కువ కాబట్టి ఆ నెలల్లో ఎండను నమ్ముకోవద్దు.

ఎండిన పొరలను పొడి బాణలిలో కమ్మని వాసన వచ్చే వరకు వేయించి, పొడి చేసి, నూలు బట్టలో జల్లించండి. పౌచ్‌కు 20 గ్రాముల పొడి, 200 మి.లీ. నీళ్లు. తీపి కావాలంటే బాగా ఆరిన బెల్లం పొడి 12 గ్రాములు ప్యాక్ చేసే ముందు కలిపి వెంటనే మూసేయండి. గాలి తగిలితే బెల్లం చెమ్మగిల్లుతుంది. జావలో పాలు లేవు కాబట్టి విరుగుతుందన్న భయం లేదు.

మిరియాల చారు కూడా బాగుంటుంది, కానీ పోపు గింజలు, కరివేపాకు స్ట్రాకు అడ్డం పడతాయి. పోపు వేసిన చారును బట్టలో వడకట్టాకే ఎండబెట్టాలి. ఉప్పు తగ్గిన లోటు చింతపండు పులుపు పూడుస్తుంది.

పౌచ్ నింపి, నీళ్లు పట్టడం

1. పొడి తూచి పౌచ్‌లో వేసి, చేత్తో నొక్కి లోపలి గాలంతా తీసి మూత బిగించండి. లోపల గాలి మిగిలితే అదే తర్వాత నురగ అవుతుంది.

2. 75 డిగ్రీల నీళ్లను సిరంజితో పోయండి. అంతరిక్ష కేంద్రంలో పౌచ్ మూతిలోని కవాటానికి యంత్రం సూదిని అమర్చి, 25 మి.లీ. చొప్పున లెక్క పెట్టుకుని నీళ్లు పడతారు. మన కొలతలు 150, 200 ఉండడానికి కారణం అదే. పిల్లలు చేస్తుంటే పెద్దలు పక్కనే ఉండాలి.

3. మూత బిగించి, పౌచ్‌ను బట్టలో పట్టుకుని, రెండు చేతుల మధ్య అటూ ఇటూ పిసుకుతూ నిమిషంపాటు కలపండి. పైన సహజంగా కలిసే ప్రవాహం ఉండదు కాబట్టి చేతి పని తప్పనిసరి. తర్వాత చేయి చాచి, మూతి మన వైపు ఉండేలా గుండ్రంగా తిప్పండి. ద్రవం దూరపు కొసకు, బుడగలు మూతి వైపుకు చేరతాయి. తాగే ముందు ఆ గాలిని కొద్దిగా వదలవచ్చు. ఇంట్లో ఈ తిప్పే పని ఆరుబయటే చేయండి.

4. మూడు నుంచి అయిదు నిమిషాలు ఆగండి. సాసరులో పోసి ఊదుకునే వీలు లేదు, స్ట్రా నుంచి నేరుగా నాలుక మీదికే వస్తుంది. 65 డిగ్రీలు దాటిన పానీయాలు అలవాటుగా తాగడం అన్నవాహికకు మంచిది కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2016లో హెచ్చరించింది. 60 దగ్గర తాగితే రుచీ తెలుస్తుంది.

5. స్ట్రా గుచ్చి తాగండి. గుక్కకూ గుక్కకూ మధ్య క్లిప్పు మూయాలి. మూయకపోతే పైన ద్రవం దానంతటదే బయటికి పాకి గోళీలా తేలిపోతుంది.

ముక్కు మూసుకుని రుచి చూడండి

పానీయం పాసైందో లేదో తేల్చే పరీక్ష ఇది. నలుగురిని కూర్చోబెట్టి, ఏ పౌచ్‌లో ఏముందో చెప్పకుండా, ముక్కు మూసుకుని స్ట్రాతో తాగమనండి. ఏలకుల వాసన మీద ఆధారపడిన టీ వెంటనే ఓడిపోతుంది. అల్లం, మిరియాలు, లవంగం నిలబడతాయి. వాటి ఘాటు ముక్కుతో తెలిసేది కాదు, నోటిలో మంటనూ చురుకునూ పసిగట్టే నరం ద్వారా తెలుస్తుంది. చప్పగా ఉందన్న మాట వస్తే చక్కెర పెంచకండి, మిరియాలు పెంచండి.

స్ట్రా వద్దనుకుంటే

2008లో అమెరికా వ్యోమగామి డాన్ పెటిట్ అంతరిక్ష కేంద్రంలో ఉండగా ఒక ప్లాస్టిక్ కాగితాన్ని మడిచి, టేపు అంటించి, ఒక వైపు ఇరుకైన మూల వచ్చేలా కప్పు చేశారు. ద్రవం ఆ ఇరుకు మూల వెంట తనంతట తానే పెదవి దాకా పాకి వచ్చింది. అలా మూత లేని కప్పులో కాఫీ వాసన చూస్తూ తాగగలిగారు. పోర్ట్‌లాండ్ స్టేట్ విశ్వవిద్యాలయంలో మార్క్ వైస్‌లోగెల్ బృందం ఆ ఆకారాన్ని లెక్కలతో సానపట్టింది.

ఆ పాకుడు మీరూ చూడవచ్చు. రెండు గాజు పలకలను శుభ్రంగా కడిగి, ఒక అంచు ఆనుకునేలా, మరో అంచులో అగ్గిపుల్ల ఉండేలా రబ్బరుబ్యాండు వేసి, కాఫీ డికాక్షన్ ఉన్న పళ్లెంలో నిలబెట్టండి. అగ్గిపుల్ల వైపు ద్రవం కొద్దిగానే లేస్తుంది. ఆనుకున్న అంచు దగ్గరికి వచ్చేకొద్దీ ఎత్తు పెరుగుతూ వంపు గీత ఏర్పడుతుంది. భూమి ఆకర్షణ ఆ ఎత్తుకు హద్దు పెడుతుంది. రోదసిలో ఆ హద్దు లేదు, కప్పంతా ఖాళీ అయ్యే వరకు ద్రవం వస్తూనే ఉంటుంది.

నిల్వ, చీటీ

పాలపొడిలోని కొవ్వు గాలి తగిలితే కారువాసన కొడుతుంది కాబట్టి ఒకేసారి చేసిన పౌచ్‌లలో కొన్నిటిని నెలపాటు చీకటి డబ్బాలో దాచి, ఆ తర్వాత తెరిచి తాజా వాటితో పోల్చండి. ప్రతి పౌచ్ మీద చీటీ అంటించండి: పానీయం పేరు, తయారుచేసిన తేదీ, పొడి ఎన్ని గ్రాములు, నీళ్లు ఎన్ని మిల్లీలీటర్లు, ఎన్ని నిమిషాలు ఆగాలి. తాగిన వెంటనే క్లిప్పు మూసి, పౌచ్‌ను కింది నుంచి పైకి గట్టిగా చుట్టి టేపు వేయండి.